హెడ్‌లైట్ల పర్మిట్

మా జీపు కొండలెక్కే రకం. మేముండే అడాజన్‌లో కొండలు లేవు కనుక నాలుగేళ్లుగా మా సొసైటీ స్పీడ్‌బ్రేకర్లు ఎక్కి దిగుతోంది. ఇరవై రెండేళ్ల నాటి ఆ బండి మీద నమ్మకంతో మా ఆయన కిరీటి, జనవరిలో, ఉన్న ఒక్క చిన్న కారూ అమ్మేశారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆయన ముందుచూపు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

జూన్‌లో పగటిపూట తిరగనిచ్చారు. నా చెల్లెలు తేజశ్రీ ఉండేది తాపీ నదికి అవతల, ఆల్థాన్‌లో. అరగంట దారి. దానికి నెలలు నిండుతున్నాయి. మొగుడిది ఓడ ఉద్యోగం. ఆ ఓడ ఏదో రేవులో ఆగిపోయింది. అమ్మ రాజమండ్రిలో ఉంది, రైళ్లు లేవు. వాళ్ల బిల్డింగులో కరోనా వచ్చి రెండు ఫ్లాట్లకు సీలు వేశారని తెలిసి ఆటోవాళ్లు ఆ వీధికి రావడం మానేశారు. పురుడు జులై పద్దెనిమిదికని డాక్టరు చెప్పింది. ఆలోగా దాన్ని మా ఇంటికి తెచ్చుకోవాలి. నాకు అంతకుమించి ఏ కోరికా లేదు.

"తెద్దాం. ముందు హెడ్‌లైట్లు మార్చాలి," అన్నారు మా ఆయన.

పాత లైట్లు వెలుగుతున్నాయో లేదో తెలియాలంటే దగ్గరికెళ్లి వంగి చూడాలన్న మాట నిజమే. బ్యాటరీలో పన్నెండు వోల్టులుంటే బల్బు దాకా తొమ్మిదే చేరుతున్నాయట. నొప్పులు అర్ధరాత్రి వస్తే ఆసుపత్రికి ఎలా వెళ్తామని అడిగారు. బాగానే ఉందనుకున్నాను. రెండు లైట్లు మార్చడానికి ఒక మగవాడికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. అదీ నా తెలివి.

ఆయన హజీరా ఫ్యాక్టరీలో ఇంజినీరు. అక్కడ గొట్టానికి ఒక నట్టు విప్పాలన్నా వర్క్ పర్మిట్ కావాలి. ఇంట్లోంచి పని మొదలైనప్పటి నుంచి ఆ జబ్బు ఇంటికీ వచ్చింది. హెడ్‌లైట్ల పనికి ఒక పర్మిట్ ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించారు. పని చేసేవారు: కిరీటి. పర్మిట్ ఇచ్చే అధికారి: మీనాక్షి. ఆ అధికారి చేత సంతకం పెట్టించి, ఇసుక బకెట్‌తో కింద పార్కింగ్‌లో నిలబెట్టారు. మంటలేవైనా వస్తే ఆర్పడానికట. ఆ ఎండలో అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నది నేనొక్కదాన్నే.

కొత్త ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. రిలే రాలేదు. రిలే వచ్చాక వైరు సన్నమన్నారు. లావు వైరు తెప్పించాక రబ్బరు బుష్షు లేదన్నారు. బండికి ఎదురుగా గోడ మీద టేపుతో గీతలు వేసి, వెలుగు ఎంత ఎత్తులో పడాలో కొలిచారు. రాత్రి కొలత, తెల్లారి విప్పదీత. కింది ఫ్లాట్ కాంతాబెన్ రోజూ కిటికీలోంచి, "జీప్ క్యారే చాల్శే, బెన్?" అని అడిగేది. జీపు ఎప్పుడు నడుస్తుందో నాకూ తెలిస్తే బాగుండేది.

తేజశ్రీ మాత్రం అడిగేది కాదు. ఒక్కతే వంట చేసుకుని, ఒక్కతే తిని, ఫోన్లో నాకే ధైర్యం చెప్పేది. జులై ఏడున మాత్రం, "బావగారి లైట్లయ్యాయా అక్కా? తొందరేం లేదులే, ఊరికే అడిగా," అంది. దాని గొంతు విని నాకు అన్నం దిగలేదు.

ఆ సాయంత్రమే చీకటి పడుతుండగా బాల్కనీలోంచి చూశాను. గోడ మీద రెండు తెల్లటి వెలుగులు, టేపు గీతకు సరిగ్గా ఆని, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. మంగళవారం మంచిదేనని మొదటిసారి అనిపించి, చెల్లెలి కోసం పక్కగదిలో మంచం సర్దాను.

బుధవారం పొద్దున్న కిందికి దిగితే లైట్లు రెండూ మళ్లీ ఊడి ఉన్నాయి. ఎడమది అర డిగ్రీ కిందికి చూస్తోందట. ఆయన నా కళ్లలోకి చూడకుండా స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్నారు. ఈ మనిషికి హెడ్‌లైట్లు పూర్తి కావడం ఇష్టం లేదని నాకు అప్పుడర్థమైంది.

"నిన్న రాత్రే అయిపోయాయి. నేను చూశాను," అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టారు. "మా షిఫ్టులో ఇద్దరు పోయారు, మీనా. నీకు చెప్పలేదు. ఆ బిల్డింగుకి వెళ్లాలంటే నాకు భయంగా ఉంది."

జాలేసింది. జాలి కంటే కోపం ఎక్కువ వచ్చింది. నాకూ భయమే, నేను మిక్సీ విప్పి బిగిస్తూ కూర్చోలేదు. పైకి వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం తీసి, అడ్డంగా గీత కొట్టి, 'రద్దు' అని రాసి సంతకం చేశాను. తాళాలు, మాస్కులు, శానిటైజర్ తీసుకుని దిగాను. నాకు డ్రైవింగ్ వచ్చు. ఆయన సేఫ్టీ లెక్కల్లోనే రాదు.

"లైట్లు లేకుండా బండి తీయకూడదు," అన్నారు.

"పొద్దున్న పదిన్నరయింది. సూర్యుడున్నాడు. పర్మిట్ ఇచ్చింది నేను, రద్దు చేసిందీ నేనే."

జీపు కదిలాక పరిగెత్తుకొచ్చి ఎక్కారు. చేతిలోని లైట్లు కింద పెట్టడం కూడా మరిచిపోయారు.

తేజశ్రీ సంచీతో గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆయనే దిగి సంచీ అందుకుని, చెల్లెల్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక్కి వెళ్లారు. తిరిగొస్తుంటే వంతెన దగ్గర ఒక పోలీసు మా జీపు ముఖాన ఉన్న రెండు బొక్కలు చూశాడు, తర్వాత మా చెల్లెలి కడుపు చూశాడు, పొమ్మని చెయ్యి ఊపాడు.

తేజశ్రీ వెనక్కి తిరిగి ఆయన ఒళ్లోని లైట్లు చూసింది. "ఇంకా అవలేదా బావగారూ?"

"రాత్రే అయిపోయాయమ్మా," అన్నారాయన. "నేనే మళ్లీ విప్పేశాను."

సొసైటీ గేటు దగ్గర స్పీడ్‌బ్రేకర్ వస్తుంటే వెనక నుంచి, "మెల్లగా, మీనా," అని వినిపించింది. నెల రోజుల్లో ఆయన చెప్పిన సేఫ్టీ మాటల్లో పనికొచ్చేది అదొక్కటే కనుక, మెల్లగానే ఎక్కించాను.