ఏడు సున్నాలు

చక్రం మీద సుత్తి పడింది. ఠంగుమంది. అతను కళ్లు మూసుకుని ఆ మోత పూర్తిగా చచ్చేదాకా విని, పక్క చక్రానికి జరిగాడు. మళ్లీ ఠంగు. మంచి చక్రం అలా మోగుతుంది. పగులున్న చక్రం మూగగా డొప్పుమంటుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా తెల్లవారుజామున మొదటి బండి కింద ఇదే పని. అందుకే ఆ సరిహద్దు స్టేషన్లో అందరూ అతన్ని ఠంగు బాబాయ్ అంటారు. అసలు పేరు ఒక్క హాజరుపట్టీకే తెలుసు.

మనిషి పొట్టి. ఆ పొట్టితనం వల్లే పెట్టెల కింద సులువుగా దూరగలిగానని అతనంటాడు. దూరి దూరి పొట్టివాడయ్యాడని వాళ్లావిడ అంటుంది. మెడ మీద మడతల్లో గ్రీజు ఏ సబ్బుకూ లొంగకుండా స్థిరపడిపోయింది. ప్యాంటు మోకాళ్ల దగ్గర పాత టైరు ట్యూబు ముక్కలు కుట్టి ఉన్నాయి, ఆవిడ కుట్టినవే. "నేను పదిసార్లు పిలిస్తే పలకరు గానీ ఇనుము గొణిగితే మాత్రం వినపడుతుంది మీకు" అని పొద్దున్నే అన్నం మూట చేతికిస్తూ దెప్పింది. అతను నవ్వి మూట భుజాన తగిలించుకున్నాడు. ఆ మాటలో అబద్ధమేం లేదు.

ఇంకా నాలుగు నెలల సర్వీసు మిగిలింది. ఆ నాలుగు నెలలూ పట్టాల మీదే గడిపి, సుత్తి దించి ఇంటికి పోవాలి. అతనికున్న కోరికల్లా అదొక్కటే.

ఏడున్నరకి భద్రతాధికారి ప్లాట్‌ఫాం మీదికొచ్చాడు. ఎనిమిది నెలల క్రితం పెద్దాఫీసు నుంచి వచ్చినవాడు. బూట్లు అద్దాల్లా ఉంటాయి, పట్టాల మధ్య తనిఖీ గుంతలోకి ఒక్కసారైనా దిగితే కదా మరి. ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి బ్యానరు కట్టించాడు. ప్రజా రవాణా, రైలు భద్రతలో అంతర్జాతీయ సహకారం అని దాని మీద రాసుంది. తొమ్మిది దేశాల అధికారులు అవతలి దేశం నుంచి పొద్దుటి బండిలో వస్తారట. బండి ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగి, వాళ్లను రాజధానిలో సమావేశానికి తీసుకుపోతుందట. రెండు దేశాలూ ఒకరి తనిఖీని ఒకరు ఎలా నమ్మాలో అక్కడ తేలుస్తారట.

"ఇరవై ఒకటో నిమిషం నాకు కనపడకూడదు" అన్నాడు అధికారి. "పాకడాలూ దూరడాలూ ఇవాళ వద్దు. పట్టాల మధ్య కెమెరా ఉంది, అది చూసుకుంటుంది."

"కెమెరాకి మోకాళ్ల నొప్పులుండవు, మంచిదేనండి" అన్నాడు బాబాయ్. "మూతలెత్తి చూడ్డానికి చేతులు కూడా ఉండవు కదండీ."

"మీ వల్ల బండి ఆగిందంటే రేపట్నుంచి స్టోరులో కూర్చుని బోల్టులు ఏరుకుంటారు. చెప్పానుగా."

చెప్పాడు. బాబాయ్ విన్నాడు. విన్నాక సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

ఆ సుద్దముక్క సంగతి ఏ ఆఫీసులోనూ రాసి లేదు. ప్రతి పెట్టె అడుగున బ్యాటరీల డబ్బా ఒకటి ఉంటుంది. మనిషి ముడుచుకుంటే పట్టేంత డబ్బా, పైకెత్తి పక్కన పెట్టే మూత. బాంబో దొంగసరుకో దాచాలనుకున్నవాడికి అంతకంటే మంచి చోటు లేదు. పంతొమ్మిదేళ్ల క్రితం ఒక రోజు అవతల నుంచి వచ్చిన బండిలో ప్రతి డబ్బా మీదా సుద్దతో చిన్న సున్నా కనపడింది. ఎవడో ఆకతాయి పని అనుకుని తుడిచేశాడు. మర్నాడూ అంతే. మూడోరోజు మోకాళ్ల మీద కూర్చుని తేరిపార చూశాడు. సున్నాలో సగం మూత మీదుంది, సగం డబ్బా మీదుంది. లోపల చూసి మూత వేసి గీసిందన్నమాట. ఆ తర్వాత ఎవడైనా మూతెత్తి మళ్లీ వేస్తే రెండు సగాలూ కలవవు. బాబాయ్ ఆ సున్నా మీద నిలువునా తన గీత ఒకటి గీసి పంపాడు. చూశాను, నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉంది, అని. మర్నాడు మొదటి పెట్టె సున్నాలో రెండు చుక్కలూ, కింద నవ్వుతున్న నోరూ వచ్చాయి.

ఆ రోజు నుంచి అవతలివాడు బావ అయ్యాడు. పెళ్లీ పేరంటం లేకుండా కలిసిన చుట్టరికం. వాడి మొహం ఎలా ఉంటుందో తెలియదు, మాట తెలియదు. "మీ బావ ఇవాళేమన్నాడు?" అని ఇంట్లో ఆవిడ అడిగేది. "స్ప్రింగు చూసుకోమన్నాడు" అనేవాడు ఇతను. సున్నా కింద గీత ఉంటే అక్కడ ఏదో తేడా ఉందని అర్థం. మధ్యలో రెండు దేశాల పెద్దలూ మాటా మాటా అనుకుని పదకొండు నెలలు బండి ఆపేశారు. మళ్లీ నడిచిన రోజు మొదటి పెట్టె మీద సున్నా పళ్లెమంత ఉంది. బాబాయ్ గుంతలో నిలబడి ఒక్కడే నవ్వుకున్నాడు. ఏ పెద్దమనిషీ సంతకం పెట్టలేదు దానికి. ఏ బ్యానరూ కట్టలేదు.

తొమ్మిదికి బండి వచ్చింది. పన్నెండు పెట్టెలు. మొదటి పెట్టెలోంచి కోట్లు దిగాయి, పూలగుత్తులు చేతులు మారాయి, ఫొటోలు తీశారు. ఆ సందట్లో బాబాయ్ బండికి అవతలి వైపు నుంచి కిందికి దిగాడు. ఒకటి, సున్నా సరిగ్గా ఉంది, గీత కొట్టాడు. రెండు. మూడు. ఏడో పెట్టె సున్నా కాస్త వంకరగా ఉంది, చెయ్యి వణికినట్టు. రెండు సగాలూ మాత్రం కలిశాయి. ఎనిమిదో పెట్టె దగ్గర చెయ్యెత్తి ఆగిపోయాడు. సున్నా లేదు.

వానకి పోయిందేమో అనుకుందామంటే వాన లేదు. తొమ్మిది చూశాడు. పదీ, పదకొండూ, పన్నెండూ చూశాడు. లేదు. పంతొమ్మిదేళ్లలో బావ ఒక్క డబ్బా వదల్లేదు. జ్వరమో ఏమో, తను రాని రోజున బదులు వచ్చినవాడికి కూడా నేర్పి పంపాడు, ఆ రోజు సున్నాలు కోడిగుడ్లలా ఉన్నాయి.

కెమెరా గదిలోకి వెళ్లాడు. అక్కడ పనిచేసే అమ్మాయి తెరమీద బొమ్మలు చూసి పన్నెండూ శుభ్రంగా ఉన్నాయంది. సుద్ద గుర్తులు చూపించమన్నాడు.

"అవి మరకలనుకున్నా బాబాయ్. మరకల్ని వదిలెయ్యమని మెషీన్‌కి నేనే చెప్పాను" అంది ఆ అమ్మాయి. నిన్నటి బొమ్మలు తీసింది. పన్నెండు సున్నాలు. మొన్నటివి, పన్నెండు. ఇవాళ్టివి, ఏడు. ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది.

అధికారి వచ్చాడు. అవతలి నుంచి వచ్చిన కాగితం తెరిచి చూపించాడు. పన్నెండు పెట్టెలూ తనిఖీ అయ్యాయి, సంతకం, ముద్ర.

"కాగితంలో పన్నెండు ఉన్నాయండి. కింద సుద్ద సున్నాలు ఏడే ఉన్నాయి" అన్నాడు బాబాయ్.

"ఒక దేశం పంపిన కాగితం కంటే నీ సుద్దగీతలు ఎక్కువా? మనం వాళ్లని నమ్మడం లేదని ఇవాళే, వాళ్ల ముందే చెప్పమంటావా?"

"నేను నమ్మేది వాళ్లలో ఒకణ్ణండి. వాడే చూడలేదని చెప్తున్నాడు."

అధికారికి ఆ మాట ఎక్కలేదు. నాలుగు నిమిషాలే ఉందన్నాడు. బాబాయ్ మూలనున్న ఎర్రజెండా తీసుకుని ఇంజను ముందుకు నడిచి పట్టాల మధ్య గుచ్చాడు. కింద మనిషి ఉన్నాడని ఆ జెండాకి అర్థం. గుచ్చినవాడే తియ్యాలి. స్టేషనుమాస్టరు కాదు, మంత్రి వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. చక్రాల కింద నలిగి చచ్చినవాళ్ల పుణ్యమా అని వచ్చిన నియమం అది. దాన్ని మార్చే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

స్టోరు గది కళ్లముందు కనపడింది. కిటికీ లేని గది, బోల్టుల డబ్బాలు. సరే కానీ అనుకుని ఎనిమిదో పెట్టె కిందికి దూరాడు.

ఐదు డబ్బాలు. ఒక్కో మూతా ఎత్తి, టార్చి వేసి, కర్రకి కట్టిన అద్దంతో వెనక మూలలన్నీ చూశాడు. మోకాలు పట్టేస్తే బోర్లా పడుకుని పాకాడు. పైన ప్లాట్‌ఫాం మీద కోట్లు గడియారాలు చూసుకుంటున్నాయి. ఎనిమిదో డబ్బా పక్కన, స్ప్రింగు మీది ఇనుప అంచులో ఏదో తెల్లగా కనపడింది. సుద్దముక్క. రెండు వేళ్లకి సరిపోయేలా అరిగింది, పట్టుకునే చోట గ్రీజు వేలిముద్ర ఉంది. డబ్బా మూత ఎత్తడానికి రెండు చేతులూ కావాలి, అందుకని అక్కడ పెట్టుకుంటాడు ఎవడైనా. బాబాయ్ కూడా అక్కడే పెట్టుకుంటాడు.

దాన్ని జేబులో వేసుకుని మిగతావి చూశాడు. ముప్పై నాలుగు నిమిషాలు పట్టింది. పైకి వచ్చి జెండా పీకాడు.

"ఏం దొరికింది?" అన్నాడు అధికారి. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమీ లేదండి. లేదని ఇప్పుడు తెలిసింది."

బండి వెళ్లిపోయింది. పదింటికల్లా కాగితం వచ్చింది. రేపటి నుంచి స్టోరు.

సరిహద్దు దగ్గర డ్రైవర్లు మారతారు. పొద్దున బండి తెచ్చిన అవతలి డ్రైవరు సాయంత్రం దాకా ఇక్కడే విశ్రాంతి గదిలో ఉండి, తిరుగు బండి తీసుకుపోతాడు. రెండు వైపుల మాటా వచ్చినవాడు. పొద్దున బండి ఆగి ఉన్నప్పుడే అతనికి ఫోనొచ్చింది. అప్పుడు చెప్పలేకపోయాడు. మధ్యాహ్నం బాబాయ్ అన్నం మూట విప్పుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. కెమెరా అమ్మాయి అక్కడే ఉంది.

"మావాడొకడు ఉండేవాడు, పెట్టెల కింద చూసేవాడు" అన్నాడు. "పొద్దున ఎనిమిదో పెట్టె కింద పడిపోయాడు. కాళ్లు పట్టి లాగారు. గుండె. పెద్దవాళ్లు ఎక్కే టైమైంది, మిగతావి చూసేవాడు లేడు. ఆఫీసులో కూర్చునే సంతకం పెట్టేశారు. నన్ను నోరెత్తొద్దన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్తే తగ్గుతుందనుకున్నా."

డ్రైవరు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తగ్గలేదు."

బాబాయ్ అన్నం మూట మళ్లీ ముడేశాడు. "మనిషి ఎలా ఉండేవాడు?" అని అడిగాడు.

"పొడుగు. మరీ పొడుగు. కింద దూరలేక రోజూ తల కొట్టుకునేవాడు. అవతల నాకో బావమరిది ఉన్నాడు, గీతలు గీస్తాడు అని మా అందరికీ చెప్పి నవ్వేవాడు."

వాడు కూడా చుట్టరికం కలిపాడు. పైగా అదే చుట్టరికం. అమ్మాయి తల తిప్పుకుంది. తర్వాత లేచి వెళ్లి, మరకల్ని వదిలెయ్యమన్న ఆజ్ఞని మెషీన్‌లోంచి తీసేసింది. ఎవరినీ అడగలేదు. అధికారికి డ్రైవరు మాట చేరింది. ఆ సంగతి నివేదికలో రాయనక్కర్లేదన్నాడు. రాజధానిలో సహకారం గురించి ప్రసంగాలు అప్పటికి మొదలై ఉంటాయి.

సాయంత్రం వెలుగుండగానే అదే బండి తిరిగొచ్చింది. బాబాయ్‌కి పట్టాల మీద అదే ఆఖరి బండి. చక్రం చక్రం కొట్టి విన్నాడు. ఏడు డబ్బాల మీద బావ సున్నాలు, వాటి మీద తన గీతలు, చెక్కు చెదరలేదు. ఎనిమిదో పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి ఆ అరిగిన సుద్దముక్క తీశాడు. ఐదు సున్నాలు గీసేస్తే పన్నెండూ నిండుతాయి. చెయ్యి మూత దాకా వెళ్లింది. చూడనివాడి పేరున చూశానని పెట్టిన సంతకం ఇవాళ్టికి ఒకటి చాలు. చెయ్యి దించేశాడు. తన సుద్దతో తన గీత ఒక్కటే గీశాడు. సున్నా లేని చోట ఒంటరిగా, నిలువునా. అలా ఐదు.

బండి కూత వేసింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యెత్తాడు. బాబాయ్ సుత్తి భుజాన వేసుకుని బండి వంక చూస్తూ నిలబడ్డాడు. పెట్టెలు ఒక్కొక్కటే సరిహద్దు దాటాయి. ఎనిమిదో పెట్టె కింద, స్ప్రింగు మీది ఇనుప అంచులో, బావ పెట్టుకున్న చోటికే బాబాయ్ తిరిగి చేర్చిన, గ్రీజు వేలిముద్ర ఉన్న ఆ సుద్దముక్క కుదుపులకి కొంచెం కొంచెం కదులుతూ వెళ్తోంది.