పొద్దుటి షుగరూ, కుడి బొటనవేలూ

మా మనవరాలికి కత్తెర అని పేరు పెట్టింది నేనే. బట్టయినా మాటయినా ఒక్క వేటుకి తెంపేస్తుంది. వీధి చివర దానికో కుట్టు దుకాణం ఉంది. ఒకసారి ఎంత లావుపాటాయన కోటు కుట్టించుకోడానికి వచ్చాడంటే, నడుం కొలత తీయడానికి అది టేపు పట్టుకుని సైకిలెక్కాల్సి వచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం.

అలాంటి పిల్లకి నిరుడు కుడి బొటనవేలు పట్టేసింది. మడిస్తే మడిచినట్టే ఉండిపోతుంది, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. బొటనవేలు లేని దర్జీ, పళ్లు లేని రంపం ఒకటే. చిన్న కోత పెడితే సరిపోతుందన్నాడు చేతుల డాక్టరు. తీరా ఆ రోజు పొద్దున్నే వెళితే షుగర్ చూసి, ఇంత ఉంటే పుండు మానదు, తగ్గించుకుని రమ్మని పంపేశాడు. రెండోసారీ అంతే. ఇక మూడోసారి కూడా తిప్పి పంపితే దుకాణం మూసుకోవడమే.

దాని షుగర్ తిండి వల్ల వచ్చింది కాదు. ఒంట్లో ఇన్సులిన్ చుక్క కూడా ఊరని రకం, బడికెళ్లే వయసు నుంచీ ఉంది. పూటపూటా సూది వేసుకోవాల్సిందే. పడుకునే ముందు అంకె బుద్ధిగా ఉంటుంది. తెల్లారేసరికి చెట్టెక్కి కూర్చుంటుంది.

వాళ్లమ్మకి అనుమానం. రాత్రి లేచి ఏదో తింటోందని బిస్కెట్ల డబ్బాకి తాళం వేసింది. నేనూ ఊరుకోక, నీ మంచం కింద చీమలు అద్దెకి దిగాయట కదే అన్నాను.

"నిద్రలో నడిచే అలవాటే ఉంటే ముందు నీ గురక ఆపడానికి వచ్చేదాన్ని తాతయ్యా," అంది. నవ్వలేదు.

షుగర్ డాక్టరమ్మ మాత్రం దాన్ని తప్పు పట్టలేదు. తెల్లవారుజామున అందరి కాలేయమూ చక్కెర గోదాము తలుపులు తెరుస్తుందట. మనకైతే ఇన్సులిన్ అనే కాపలావాడుంటాడు, దీనికి లేడు. అందుకని రాత్రి సూది మోతాదు కాస్త పెంచింది. తగ్గలేదు. మళ్లీ పెంచింది. ఊహూఁ. ఇది రాత్రి భోజనం సగం చేసేసుకుంది. అయినా పొద్దున్న అదే అంకె. ఒకరోజు షుగర్ మిషన్ విసిరికొట్టింది. అంత కోపంలోనూ బట్టల కుప్ప మీదికే విసిరింది లెండి.

ఆ వారంలోనే తనకోసం పంట్లాం కుట్టుకుంది. నడుం దగ్గర ఒక పక్క ఎంతకీ కుదరడం లేదు. ఇంత చేయి తిరిగిన దర్జీకి సొంత నడుం కుదరకపోవడమేమిటని దానికి ఉక్రోషం. మా ఆవిడ గుండుసూదులు నోట్లో పెట్టుకుని బట్ట సర్దుతూ, పొట్ట మీద ఎడమపక్క తడిమి ఆగిపోయింది.

"ఏమిటే ఇది, కోటు బొత్తాం మింగావా?"

చర్మం కింద గట్టిగా గడ్డ. రోజూ సూది అక్కడేనట. బొటనవేలు పట్టేసిన దగ్గర్నుంచీ ఎడమచేత్తోనే ఇన్సులిన్ పెన్ను నొక్కుకుంటోంది. ఆ చేతికి గురి తక్కువ, ఇంకెక్కడ గుచ్చుకున్నా నొప్పే. ఆ చోటు మొద్దుబారిపోయింది కాబట్టి ఎలా గుచ్చినా నొప్పి తెలీదు. అందుకని నెలల తరబడి అక్కడే.

డాక్టరమ్మ పట్టి చూసి తల పట్టుకుంది. గడ్డలోకెళ్లిన ఇన్సులిన్ ఒంటికి సరిగా అందదట. చోటు మార్చాలి. కొత్తచోట మందు పూర్తిగా పనిచేస్తుంది గనక మోతాదు తగ్గించి, కొన్నాళ్లు రాత్రి మధ్యలో కూడా చూసుకోవాలంది.

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్నట్టుంది సంగతి. వేలు బాగుపడాలంటే షుగర్ దిగాలి, షుగర్ దిగాలంటే వేలు పనిచెయ్యాలి. ఆ మాటే అని, వేలు బాగయ్యేదాకా అమ్మమ్మ చేత సూది వేయించుకోమంటే కత్తెర నామీద విరుచుకుపడింది. పెన్ను ఎవరి చేతికీ ఇవ్వనంది. చిన్నప్పట్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు మరి. రెండు రోజులు మొహం ముడుచుకుని, చివరికి తొడ చూపించి వాళ్లమ్మమ్మని పిలిచింది. సూది దిగుతున్నంతసేపూ గోడకేసి చూసింది, నొప్పికి కాదు.

ఆ తర్వాతయినా అంకె ఒక్కసారిగా దిగిందా? ఒకరోజు దిగేది, మర్నాడు ఎక్కి వెక్కిరించేది. ఇంట్లో ఎవరూ పొద్దున్నే దాన్ని పలకరించే సాహసం చెయ్యలేదు.

మూడోసారి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నర్సు వేలు గుచ్చి, సరిపోయింది, లోపలికి రమ్మంది. కత్తెర లేవలేదు.

"ఇంకో వేలు గుచ్చి చూడండి. దీన్ని నేను నమ్మను."

మళ్లీ గుచ్చారు. ఇంచుమించు అంతే వచ్చింది. దెబ్బలాటకి సిద్ధమై వచ్చినదాన్ని ఎదుటివాడు దండం పెట్టి పంపినట్టు దిక్కులు చూసి లేచింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగింది.

"మరి రేపు పొద్దున్న ఎంతుంటుంది తాతయ్యా?"

జీవితంలో కోతలకి కరువెరగని నోరు నాది. ఆ పూట మాత్రం, తెల్లారాక చూద్దాంలేవే అని ఉన్నమాటే చెప్పాను.