తెగని బేరం

సరోజమ్మను చంపింది హిందూపురం పట్టుచీరల అంగడి చంద్రప్ప. కాలు జారి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో పడిందని ధర్మవరంలో మా వీధంతా చెప్పింది. వీధి అబద్ధం చెప్పింది.

మా వీధిలో నేసిన చీరలన్నీ చంద్రప్పే కొనేవాడు. ధర అతనే చెప్పేవాడు. తొంభై ఎనిమిదిలో నా పెండ్లాం సరోజమ్మ అడ్డం తిరిగింది. "అంగడోల్లకు వద్దు. పెండ్లోల్లకే ఇద్దాం. ఒకటే ధర" అంది. అట్లే చేశాం. రొద్దం నుంచి, పెనుకొండ నుంచి పెండ్లివాళ్లు నేరుగా మా గడపకే వచ్చేవాళ్లు. అంగడి ధరలో సగానికే చీర తీసుకుపోయేవాళ్లు. ఆ సగం కూడా చంద్రప్ప మాకిచ్చేదానికన్నా ఎక్కువ.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. మగ్గం దగ్గర 'తెగింది' అనే మాట ఎవరూ అనకూడదు. పోగు తెగితే 'విడిచింది' అనాలి. బేరం తెగిందన్నవాళ్లను గడప బయటికి పంపి, 'కుదిరింది' అనిపించి లోపలికి పిలిచేది.

ఒకరోజు పొద్దున చంద్రప్ప ఇద్దరు మనుషులతో వచ్చాడు. మగ్గం మీద రొద్దం నారాయణమ్మ కూతురి పెండ్లిచీర ఉంది.

"ఏమప్పా గంగాధరా, యాపారం నేర్సినావంట?"

"నేర్పింది నా పెండ్లాం."

"అట్లయితే ఆయమ్మనే అడుగుతా. ఏమ్మా, వచ్చినోల్లకు నా అంగడి ధరే చెప్పు. లేకుంటే చీరలన్నీ నాకే ఎయ్యి. ఈ పొద్దు ఏదో ఒకటి తెగాల."

"ఈడ ఆ మాట అనొద్దన్నా."

"ఏ మాట? తెగాల అనేదా?" నవ్వాడు. "బేరం తెగకపోతే ఇంగేం తెగాలమ్మా?"

కత్తి తీసి పడుగు కోశాడు. సరోజమ్మ మిగిలిన పోగుల మీద అడ్డంగా పడింది. అతను జుట్టు పట్టి లేపి, తలను మగ్గం దూలానికేసి కొట్టాడు. రెండోసారి ఎముక పగిలిన చప్పుడు వినబడింది. అతని మనుషులు నన్ను గోడకు అదిమి పట్టారు. ఆమెను గుంతలోకి తోశాడు. పెండ్లిచీర ఎర్రది. నెత్తురు కనబడలేదు, తడి కనబడింది.

వీధివాళ్లు గుమ్మంలో నిలబడి అంతా చూశారు. కాలు జారిందని మొదట సాక్ష్యం చెప్పింది పక్కింటి రామాంజనేయులు. వాళ్ల చీరలు కొనేది చంద్రప్పే కదా. కేసు నిలవలేదు.

మగ్గం కర్ర తీసుకుని హిందూపురం పోయాను. అంగడి నిండా గిరాకీ. చంద్రప్ప నన్ను చూసి గల్లాపెట్టె తెరిచాడు.

"అయిందేదో అయిపాయ. దుడ్లు ఎంత కావల్ల? ఎంతకు తెంపుకుందాం, చెప్పప్పా."

మళ్లీ అదే మాట. కత్తి పట్టిన ఆ చేతిని గల్లాపెట్టె మీద అదిమి, కర్రతో మోచేతి దాకా నుజ్జు చేశాను. కొనేవాళ్లు అరుస్తూ పారిపోయారు. అతను ఇప్పుడు ఎడమచేత్తో తింటాడు.

జైలు నుంచి వచ్చి మళ్లీ మగ్గం మీద పడుగు ఎక్కించాను. పెండ్లివాళ్లకే ఇస్తాను. ఒకటే ధర. మొన్న రామాంజనేయులు తన కూతురి పెండ్లిచీరకని వచ్చాడు. వాళ్ల మగ్గం ఎప్పుడో మూలబడింది. "ఎంతైనా ఇస్తా గంగాధరన్నా" అన్నాడు. తలుపు వేశాను. ఈ వీధికి నా దగ్గర ధర లేదు.

కొనవచ్చినవాళ్లు ఇంట్లో ఆడవాళ్లు లేరా అని అడుగుతారు. చీర ధర చెబుతాను. సరోజమ్మ సంగతి మాత్రం ఇంకెవరికీ చెప్పను.