మగచేపల గుంతలో పిల్లలు

గుంతలో ఒక్క ఆడచేప కూడా లేదని మొగులప్ప గట్టి నమ్మకం. అందుకే ఆ పొద్దున నీళ్ల అంచున సన్నటి చేపపిల్లల గుంపు కనబడి భార్య మార్త కేకేస్తే, దాణా బస్తా దించకుండానే కొట్టిపారేశాడు.

"తోకకప్పలైయుంటయ్ తియ్."

"కండ్లు పెట్టి చూడయ్యా. తోకకప్పలకు ఈపు మీద రెక్కుంటదా?"

మొగులప్ప వంగి చూశాడు. బస్తా కింద దించాడు.

కరణ్‌కోట దారిలో వాళ్ల చెలకలో ఉంది ఆ గుంత. నాపరాయి తీసి వదిలేసిన ఖదాన్. వాననీళ్లు నిండి ఊరికే పడి ఉంటే, కిందటేడు మొగులప్ప అందులో తిలాపియా వదిలాడు. ఆఫ్రికా నదుల్లో పుట్టిన చేప అది. పిల్లలమ్మినవాడు ముందే చెప్పాడు, ఇవన్నీ మగవేనని. ఆడవి కలిస్తే తిన్న తిండి గుడ్లకే పోతుందట. పిల్లల మీద పిల్లలు పుట్టి గుంత నిండిపోతుందట. తిండి చాలక ఏ చేపా బెత్తెడు దాటదట.

"అన్నీ మగవైతే గివి యాడికెల్లొచ్చినయ్?" అంది మార్త.

"కొంగలు తెచ్చినయేమో," అన్నాడు మొగులప్ప. తన మాట మీద తనకే నమ్మకం లేదు. ఏడాది కష్టం నీళ్లపాలైనట్టేనని లోపల పరేషాన్.

మార్త పరేషాన్ వేరు. బండల పాలిషింగ్ మిషన్ దగ్గర పని చేసిన రోజుల్లోనూ అంతే, ఒక సంగతి ఎందుకైందో తెలియకపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు. దాణా వేసేటప్పుడు గట్టు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. గింజలు పడగానే చేపలన్నీ నీళ్లు ఉడికినట్టు ఎగబడేవి. ఒక్కటి మాత్రం రాతి మెట్టు నీడలో దూరంగా నిలబడేది. నోరు తెరిచేది కాదు. దవడ కింద ఉబ్బుగా ఉండేది.

"రోగమొచ్చింది దానికి," అన్నాడు మొగులప్ప. "తీసి పారేస్త. అన్నిటికి అంటుకుంటది."

"జర ఆగు. బిడ్డ రానియ్యి."

వాళ్ల బిడ్డ నిరోషా వికారాబాద్‌లో డిగ్రీ చదువుతోంది, జువాలజీ. ఆదివారం ప్రార్థన కాగానే తల్లీబిడ్డలు చేతివల పట్టుకుని గుంతలోకి దిగారు. ఆ చేప చాలాసేపు తప్పించుకుంది. చివరికి చిక్కింది. బకెట్‌లో వేయగానే ఒక్కసారి నోరు తెరిచింది. లోపలినుంచి ఆవగింజల్లాంటి కళ్లతో పిల్లలు బిలబిలా బయటికొచ్చాయి.

గట్టు మీదున్న మొగులప్ప కూడా వచ్చి బకెట్‌లోకి వంగాడు.

"తింటుందా ఏంది పిల్లల్ని?" అన్నాడు మొగులప్ప.

"తింటలేదు నాయినా, సాదుతుంది," అంది నిరోషా. పుస్తకంలో చదివిందే గానీ ఆమె కూడా చూడటం ఇదే మొదలు. "గుడ్లు పెట్టంగనే నోట్ల పెట్టుకుంటది. గవి పిల్లలై ఈదేదాంక మేత ముట్టది. ఒంట్లున్న కొవ్వు మీదనే బతుకుతది."

"మరి మగవే అన్నడు గదా వాడు!"

"అబద్ధం జెప్పలేదు. పుట్టిన కొత్తల మగ హార్మోన్ కలిపిన మేత పెడ్తరు. గప్పటికి ఇంక ఆడా మగా తేలదు. ఆ మేత తింటే ఆడది కావాల్సింది గూడ మగదైతది. మంచిగ తిననిది ఒకటో రెండో ఆడదిగనే మిగుల్తది."

మార్త బకెట్‌లోంచి తలెత్తింది. "అంటే గీ పిల్లల తండ్రి..."

"ఆడదిగ పుట్టిందే కావచ్చు."

"దానికెరుకనా గా సంగతి?"

నిరోషాకు నవ్వొచ్చింది. మార్త నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆమెకు.

మొగులప్ప ఆ చేపను కూరకు ఇచ్చేయమన్నాడు. మార్త ఒప్పుకోలేదు. తల్లినీ పిల్లల్నీ ఇంటి ముందున్న సిమెంటు నీళ్ల గోళెంలో వదిలింది. గుంతలో మిగిలిన పిల్లల కోసం మొగులప్ప తాండూరు చేపలవాళ్లను అడిగి కొర్రమీను పిల్లలు తెచ్చి వదిలాడు. అవి సన్నచేపల్ని వేటాడి తింటాయి. గుంపులు పలచబడే కొద్దీ అతని మొహం తేటపడింది.

మార్త మాత్రం గోళెం దగ్గరే ఉండేది. పిల్లలు తల్లి చుట్టూ తిరుగుతుండేవి. ఆమె నీడ నీళ్ల మీద పడితే చాలు, తల్లి నోరు తెరిచేది, అన్నీ ఉరికి లోపలికి దూరేవి. ఒకసారి గింజ వేసి చూసింది. తల్లి గింజ దాకా వచ్చింది. ఆగింది. మెల్లగా వెనక్కి పోయింది.

ఫోన్‌లో బిడ్డనడిగింది. "దానికి ఆకలి కాదా? అయితున్నా ఆపుకుంటుందా?"

"ఆకలి పుట్టించే హార్మోన్లు తగ్గుతయంటరమ్మా. గింజ దాకా ఎందుకొచ్చిందో మరి నాకెరుక లేదు. మా మేడంను అడుగుత."

మేడం అరుణాదేవి ఆ కబురు విని, చేపను తీసుకుని రమ్మంది. అప్పటికే సొంతంగా మేస్తున్న పిల్లల్ని మార్త గోళెంలోనే ఉంచి, తల్లిచేపను బకెట్‌లో పెట్టుకుని వికారాబాద్ బస్సెక్కింది. నీళ్లు తొణక్కుండా దారంతా మూత మీద చెయ్యి వేసే కూర్చుంది.

కాలేజీ ల్యాబ్‌లో మార్త చెప్పిందంతా అరుణాదేవి విన్నది. తర్వాత నెమ్మదిగా అంది, "ఆకలి తగ్గుతుందని చెప్పగలనమ్మా. పూర్తిగా పోతుందా అంటే నాకూ తెలియదు. ఒక మగచేపను తెచ్చి కలిపి, ఈసారి గుడ్లు పెట్టినప్పుడు మనం కలిసి చూద్దామా?"

"చూద్దాం మేడం," అంది మార్త, స్టూలు అద్దాల తొట్టికి దగ్గరగా జరుపుకుంటూ. చేప కొత్త నీళ్లలో ఒక చుట్టు తిరిగి అద్దం దగ్గరికొచ్చి ఆగింది. నిరోషా గింజ వేసింది. అది నీళ్లను తాకకముందే, ఇప్పుడు నోట్లో పిల్లల్లేని చేప పైకెగిరి మింగేసింది.