మాస్టారు సరిచేసిన స్వరం

సంగీత మ్యూజియంలో వాయిద్యాలు బాగుచేసే మాస్టారికి ఒక అలవాటుంది. పాతదాన్ని ముట్టుకునే ముందు దానికి అచ్చుగుద్దినట్టు నకలు చేస్తాడు. ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే. అలవాటు మంచిదే, కాదనం. కానీ పనితనం మరీ ఎక్కువైతే ఏమవుతుందో ఆ ఉదయం ఆయనకి తెలిసొచ్చింది.

బల్ల మీద తెల్ల తువ్వాలు, దాని మీద రెండు ఎముక పిల్లనగ్రోవులు. ఒకటి వేల ఏళ్ళ నాటిది, మ్యూజియానికి ప్రాణం. రెండోది మాంసం కొట్టులో అడిగి తెచ్చుకున్న ఎముకతో పోయిన వారం మాస్టారు చేసి, టీ డికాక్షన్‌లో నానబెట్టింది. ఏది ఏదో చెప్పే చీటీలు మాత్రం లేవు.

"పిన్నీ! ఇక్కడి చీటీలేవీ?"

గదులు ఊడ్చే ఆవిడని అక్కడ అందరూ పిన్ని అనే పిలుస్తారు. "టీ మరకలతో అసహ్యంగా ఉంటే చెత్తలో పారేశాను మాస్టారూ. రెండిటికీ దుమ్ము దులిపి పక్కపక్కనే సర్దాను. ముచ్చటగా లేవూ?"

ముచ్చటగానే ఉన్నాయి, ఏం లాభం! పదకొండింటికి కొత్త గది ప్రారంభం. అసలుది అద్దాల పెట్టెలోకి వెళ్ళాలి, నకలుని మాస్టారు అతిథుల ముందు ఊదాలి. తారుమారైందా, వేల ఏళ్ళ ఎముకకి ఎంగిలి, పెట్టెలో మాంసం కొట్టు బొమికె. ఉద్యోగం గోవిందా!

తూచాడు. తూకం సమానం. భూతద్దం పెట్టి చూశాడు. ప్రతి గీతా, ప్రతి పగులూ రెండింటి మీదా ఉన్నాయి. తన చేతుల్ని తానే నాలుగు తిట్లు తిట్టుకున్నాడు.

ఒక్క తేడా మాత్రం ఉంది, అది మాస్టారి గుట్టు. నకలు పూర్తయ్యాక ఊది చూస్తే చివరి స్వరం కాస్త కిందికి జారింది. పాపం ఆదిమానవుడు శ్రుతి తప్పాడని జాలిపడి, ఆ స్వరం పలికే రంధ్రం లోపలి అంచుని సన్న ఆకురాయితో గీకి స్వరాన్ని పైకి లేపాడు. పైకి ఏమీ కనపడదు, వినాల్సిందే. అసలుదానికి నోరు తగిలించకూడదు గనక, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి పిన్ని చేతికిచ్చాడు.

"నేను పట్టుకుని ఆఖరి స్వరం దాకా వేళ్ళు మారుస్తాను, నువ్వు నొక్కు."

మొదటిది కుయ్యంది. రెండోదీ కుయ్యంది. శ్రుతి చూసే మీటరులో ముల్లు ఎగిరెగిరి పడింది తప్ప ఎక్కడా నిలవలేదు. కంగారులో మాస్టారి చెవులూ పనిచెయ్యలేదు.

"ఈ మొదటిది బాగుంది," అంది పిన్ని. "రెండోదాన్నే ఎవరో పాడుచేశారు."

మాస్టారికి ఒళ్ళు మండింది. "పాడుచెయ్యడమేంటి? సరిచేశాను!"

"మీరా? అయ్యో రాత!" పిన్ని చీపురు చంకలో పెట్టుకుని కూనిరాగం తీసింది. "మా అమ్మమ్మ జోలపాట ఇది. ఆఖర్న గొంతు ఇదిగో, ఇంత కిందికి దిగాలి. దిగితేనే పిల్లాడు కళ్ళు మూస్తాడు. పైకి లేపారనుకోండి, వాడూ లేచి కూచుంటాడు."

ఏది అసలుదో తేలిపోయింది, మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కానీ దాని వెనకే సిగ్గూ ముంచుకొచ్చింది. ఎవరో ఎప్పుడో ఒక పసివాణ్ణి పడుకోబెట్టడానికి చేసుకున్న స్వరాన్ని తాను తప్పని దిద్దేశాడు! మొదటిదాన్ని పెట్టెలో పెట్టేసి, నకలు రంధ్రం లోపల ఆవగింజంత తేనెమైనం అద్దాడు. చేసిన దిద్దుబాటు అలా దిద్దుకున్నాడు.

పదకొండింటికి డైరెక్టరుగారు వచ్చారు. ఈ గది కోసం మూడు రోజులుగా ఆయనకి కంటి మీద కునుకు లేదు. గోడ మీద 'ఆదిమానవుడికి శ్రుతి తెలియదు' అని పెద్ద బోర్డు కూడా రాయించారు.

"ఎముక తర్వాత తోలు, తోలు తర్వాత తీగ, తీగ తర్వాత కరెంటు! సంగీతం మెట్టుమెట్టుగా మన దాకా ఎక్కివచ్చింది," అన్నారు. "కింది మెట్టు మీద అపశ్రుతి ఎలా ఉండేదో ఇప్పుడు మీరే వినండి." దర్జాగా కుర్చీలో వెనక్కి వాలారు.

మాస్టారు పిన్ని కూనిరాగాన్నే అందుకున్నాడు. మొదటిసారి స్వరం కిందికి దిగగానే అతిథుల్లో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. మూడోసారికి గదిలో చప్పుడు లేదు. ఐదోసారికి, బోర్డు కిందనే, డైరెక్టరుగారు గుర్రు పెట్టారు.

మాస్టారు కంగారుపడి పిల్లనగ్రోవి దించబోయాడు.

తలుపు దగ్గర నుంచి పిన్ని చెయ్యి ఊపింది. "ఆపకండి మాస్టారూ," అంది గుసగుసగా. "పిల్లాడు లేస్తాడు."