మెట్ల మలుపు

పొద్దున్నే లేవగానే కోడలు చేసే మొదటి పని గోడ చూసుకోవడం. తన గది గోడ చూసుకుని, పాలు స్టవ్వు మీద పెట్టి, అవి కాగేలోపు అత్తగారి గది తలుపు సందులోంచి ఆవిడ గోడ కూడా చూసేది. అక్కడా ఏమీ లేదని తెలిశాకే టీ గొంతు దిగేది. అత్తగారూ తక్కువ తినలేదు. కోడలు స్నానానికి వెళ్ళడం ఆలస్యం, కళ్ళజోడు పెట్టుకుని ఆ గదిలో దూరేది.

కోడలి మొగుడు, బస్సు కండక్టరు, పోయి నెల కావస్తోంది. ఇంకా నీడ రాలేదు.

పోయిన మనిషి నీడ, ఆ మనిషి ప్రాణం ఎక్కడ హాయిగా ఉండేదో అక్కడి గోడ మీదికి వచ్చి చేరుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు క్యాలెండర్లు తీసేసి, బీరువాలు జరిపి చోటు చేస్తారు. కింది వాటాలో ఉండే నర్సు వాళ్ళ నాన్న నీడ ఫ్రిజ్ పక్కన ఉంది. ఆయన బతికున్నప్పుడూ తిండి మనిషే.

చుట్టాలు వెళ్ళిపోయిన రోజున అత్తాకోడళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

"వాడు నా కడుపున పుట్టాడు. నా గోడ మీదికే వస్తాడు. వచ్చిన రోజున నువ్వు మీ అన్న ఇంటికి దారి చూసుకో," అంది అత్తగారు.

"అలాగే అత్తయ్యా. నా గోడ మీదికొస్తే మాత్రం మీరు మీ కూతురింటికి వెళ్ళాలి. మళ్ళీ మాట మార్చకూడదు."

అప్పట్నుంచీ ఇద్దరూ గడప దాటలేదు. తను లేనప్పుడు అవతలి మనిషి గోడకి ఏం చేస్తుందోనని భయం. కూరగాయలు కూడా నర్సు చేతే తెప్పించుకున్నారు.

బతికినన్నాళ్ళూ ఆ మనిషిని చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. భార్య అన్నం పెడుతూ అత్తగారి మీద చెప్పేది. తింటూండగానే తల్లి గదిలోంచి పిలిచి కోడలి మీద చెప్పేది. బస్సులో రోజంతా "జరగండి, ముందుకు జరగండి" అని గొంతు చించుకునే మనిషి ఇంట్లో ఇద్దరికీ "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" తనకే అని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఇద్దరికీ అతనంటే ప్రాణమే. అందులో అబద్ధం లేదు.

ఒక సాయంత్రం నర్సు కూరగాయల సంచీ ఇస్తూ గుమ్మంలో నసిగింది.

"వదినా, ఏమీ అనుకోకు. అన్నయ్య నీడని ఉంచుతారా, రంగు వేయించేస్తారా? మెట్లకి పెయింటింగు పెట్టుకున్నాడు ఓనరు. నన్ను అడగమన్నాడు."

"ఏ నీడ?"

"అదేంటి, చూళ్ళేదా? వచ్చి చాలా రోజులైందిగా! మెట్ల మలుపు దగ్గర."

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. మెట్లు మలుపు తిరిగే చోట, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టికెట్ల సంచీ. తల కొంచెం వాలి ఉంది. చూస్తేనే తెలుస్తోంది, ఎంత హాయిగా ఉన్నాడో.

"రోజూ ఇక్కడే కూర్చునేవాడుగా," అంది నర్సు. "డ్యూటీ దిగి వచ్చి చాలాసేపు. పైకి వెళ్ళవేం అన్నయ్యా అంటే, వెళ్తాలేమ్మా, కాసేపాగి, అనేవాడు."

"బస్సు లేటని చెప్పేవాడు," అంది భార్య.

"నాకూ అదే చెప్పేవాడు," అంది తల్లి.

అత్తగారు ఏడుస్తూ పైకి వెళ్ళిపోయింది. కోడలు నీడ పక్కన మెట్టు మీద కూలబడింది. పైన అత్తగారు కూతురికి ఫోను చేసి, కొడుకుని ఇంటికి రానివ్వకుండా చేసింది ఇదేనని కోడల్ని తిట్టిపోస్తోంది. ప్రతి మాటా ఇక్కడికి వినబడుతోంది. తన గొంతు అంతకంటే పెద్దదని కోడలికి గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ పూట లోపలికి వెళ్ళి ఎదురు మాట అనలేదు. ఎదురు మాట లేకపోయేసరికి అత్తగారికీ మాట సాగలేదు. మర్నాడు చూస్తే నీడ ఒక మెట్టు పైన ఉంది.

ఇంకేముంది! ఇల్లు చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దమైపోయింది. ఉప్పు కావాలన్నా సైగలే. నీడ రోజూ మెట్టు ఎక్కుతూ వచ్చి, ఒక సాయంత్రం గుమ్మం పక్కకి చేరి నిలబడింది. లోపలికి రాబోయేవాడిలా సంచీ భుజం మీంచి దించాడు.

ఇద్దరూ తలుపు బార్లా తీశారు. అత్తగారు ఆత్రం ఆపుకోలేక తన గదివైపు చెయ్యి చూపించి, "ఇటు రా నాన్నా," అని గుసగుసలాడింది.

"అటెందుకు? మంచం ఇక్కడుంది," అంది కోడలు, ఇంకా మెల్లగా.

"ఒప్పందం మర్చిపోయావా?"

"మీరే మర్చిపోయారు."

గట్టిగా ఒక్క మాట కూడా అనుకోలేదు. అయినా వాళ్ళు తిరిగి చూసేసరికి గుమ్మం పక్కన తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. మలుపు దగ్గరా లేడు. డ్యూటీకి వెళ్తున్న నర్సుకి ప్రహరీ గోడ మీద కనిపించాడట, సంచీ భుజాన వేసుకుని రోడ్డు వైపు వెళ్తూ. పిలిచినా తిరిగి చూడలేదట.

ఎవరి గోడ మీదికీ రాలేదు కాబట్టి ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఓనరు మెట్లకి రంగు వేయించాడు. ఇంట్లో ఇప్పుడు గొడవల్లేవు. ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి మనిషి లేడు.

ఆ మధ్య ఒక సాయంత్రం కోడలు బజారు నుంచి వస్తూ మలుపు దగ్గర కూర్చుంది. పైకి వెళ్ళబుద్ధి కాలేదు. కాసేపటికి అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా దిగి వచ్చింది. కోడల్ని చూసి ఆగింది.

"జరుగు," అంది.

కోడలు జరిగింది.