ఎర్రనాచు పెట్టె

చెరువులో నీళ్లు చూసి ఆరేళ్లయిన ఊరిపిల్ల సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తోందంటే మడకశిర బస్సులో నవ్వనివాడు లేడు. నవ్వితే నవ్వనీ అనుకునేది హేమావతి. రామేశ్వరం నుంచి ఎండబెట్టి పంపే ఎర్రనాచు, జనం జెల్లీ కాచుకుని తినే రకం, అనంతపురం ల్యాబులో ఆమె చేతికొచ్చి ఐదేళ్లయింది.

ఆ నాచులో రెండు రూపాలున్నాయి. ఒకటి దారంలా సన్నం, ఇంకొకటి వెడల్పాకు. వెడల్పుది వేరే జాతి అని ఇరవై ఏళ్ల కిందట పేరు పెట్టి పెద్దవారైన మనిషి ఆమె గైడు రాజేంద్ర సార్. ఆయనదీ బత్తలపల్లె దగ్గర గొర్రెలు కాచిన ఇల్లే. హేమావతి రెండింటి డీఎన్ఏ గుర్తులనూ పోల్చింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. రెండూ ఒకటే జాతి. అలల దెబ్బకూ ఎండకూ ఆకారం మారింది, అంతే.

"ఏమ్మా, ఆ వెడల్పాకు శాంపిళ్లు థీసిస్‌లోంచి తీసెయ్. రేపే సంతకం పెడతా" అన్నారు సార్. సంతకం లేకపోతే ఐదేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

హేమావతి తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. తల్లి సిద్దమ్మ గొర్రెలు కాచే మనిషి.

"మొన్న లింగన్న మన గొర్రెపిల్లను పట్టుకోనిపోయి, చెవి కోసి తన గుర్తు పెట్టుకున్యాడే, నేనేం చేసినా? పిల్లను ఇడువప్పా, ఏ గొర్రె పాలిస్తే ఆ గొర్రె గలోళ్లదే అన్నా. ఇడిసినాడా? సంకలో పెట్టుకోని నిలబడినాడు. ఊరంతా సూసినారు, దొంగెవరో తెలిసిపాయ. నువ్వు ఏడ్సేదెందుకు మే?"

సెమినారు నాడు హేమావతి ఒక్క శాంపిలూ తీయలేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ముందు వరుసలో ఉన్నారు. రెండూ ఒకటే జాతి అని ఆమె అనగానే రాజేంద్ర సార్ లేచారు.

"నువ్వు శాంపిళ్లు కలగలిపేసినావు. అసలుది నా దగ్గర ఉండాది." గదిలోంచి చెక్కపెట్టె తెప్పించి బల్ల మీద పెట్టారు. ఆయన పేరు పెట్టిన మొట్టమొదటి వెడల్పాకు నాచు అందులో ఉంది.

హేమావతికి ఒళ్లు మండింది. చిన్న ట్యూబు ఒకటి పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది.

"మంచిది సార్. గోరంత ముక్క మీ చేత్తోనే ఇయ్యండి. ట్యూబు మీద నంబరూ మీరే ఏయండి. వీళ్ల ముందరే పరీక్ష చేస్తా. వేరే జాతి అని తేలితే నా థీసిస్ నేనే చించేస్తా."

సార్ చెయ్యి పెట్టె మూత మీద పడింది. "పాతది. ముట్టుకుంటే పొడైపోతాది."

"పొడి చాలు సార్."

పరీక్షకుల్లో పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని ఆ చేతి వైపే చూసింది. సార్ రెండో చెయ్యి కూడా మూత మీద పెట్టారు.

సంతకం పోతే పోయిందనుకుంది హేమావతి.

"గొర్రెపిల్లను ఇడవండి సార్" అంది గట్టిగా.

హాలులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గొర్రెలు కాచిన ఇంట్లో పుట్టిన సార్‌కు అర్థమైంది. ఎవరి ముఖమూ చూడకుండా మూత మీది నుంచి చేతులు తీసేశారు.